ఆరోగ్య శీర్షిక: పార్కిన్సన్ వ్యాధి – మితవ్యాయామం

హాజరు పట్టీలో మా సహోద్యోగి ఒకరి సంతకం నెలనెలకూ చిన్నదవుతూ వచ్చింది. నడిచేటప్పుడు ఆయన కుడిచేయి ఊగడం మానింది. వయసు మీద పడుతున్నదని ఆయనా అనుకున్నారు, మేమూ అనుకున్నాము. చేయి వణకసాగిన తరువాతనే వైద్యులు దానిని పార్కిన్సన్ వ్యాధిగా గుర్తించారు. పదవీ విరమణానంతరం చూడబోతే, ఆయన కుర్చీలో కదలక కూర్చొని ఉన్నారు. మంచినీళ్లు సైతం భార్యే అందిస్తున్నారు. "పడిపోతారేమోనని లేవనివ్వడం లేదండీ" అన్నారామె. ఎంతో ప్రేమతో చేస్తున్న ఆ సేవే ఆయనకు కీడు చేస్తున్నదని ఆమె ఎరుగరు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధి లక్షణాలను వివరించారు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, నడకలో తూలు వస్తుంది. మందులు ఆ లోటును కొంతవరకు తీరుస్తాయి. కాని కదలిక లేక నీరసించిన కండరాలకు అవి బలాన్ని ఇవ్వజాలవు. వ్యాయామం ఈ వ్యాధిని నయం చేయదు గాని, నడకను, శరీరపు నిలకడను మెరుగుపరుస్తుంది.

వైద్యుని సలహాతోనే వ్యాయామం ప్రారంభించాలి. మందు బాగా పనిచేస్తున్న వేళను ఇందుకు ఎన్నుకోవాలి. మొదట గట్టి కుర్చీలో కూర్చొని భుజాలను వెనుకకు తిప్పడం, మోకాళ్లను ఒక్కొక్కటిగా చాపడం పదేసి సార్లు చేయాలి. లేవదలచినప్పుడు కుర్చీ అంచుకు జరిగి, పాదాలను కొంచెం వెనుకకు తీసుకొని, ముందుకు వంగి లేవాలి. కొందరికి లేవగానే రక్తపోటు తగ్గి కళ్లు తిరుగుతాయి కనుక క్షణకాలం నిలబడి, ఆపై నడవాలి.

నడకలో మడమను ముందుగా ఆనించి, చేతులూపుతూ పెద్ద అడుగులు వేయాలి. వెనుదిరిగేటప్పుడు ఉన్నచోటనే గిరుక్కున తిరగక, చుట్టు తిరిగి రావాలి. నడుస్తూ మాట్లాడడం, చేతిలో వస్తువులు మోయడం కూడదు. రోజూ పది నిమిషాలతో ఆరంభించి, ఓపికను బట్టి పెంచుకోవచ్చు. వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయగలిగితే మంచిదని నిపుణుల సూచన.

ఒక్కొక్కసారి పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి. అప్పుడు రోగిని చేయిపట్టి లాగరాదు. కొంచెం ఆగి, బరువును ఒక కాలి మీదినుంచి మరొక కాలి మీదికి మార్చి, నేలమీది పలకల గీతను దాటుతున్నట్లు అడుగు వేయమనాలి. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినా, తాళం వేసినా అడుగు కదులుతుంది. సన్నగిల్లిన గొంతుకు దినపత్రికను బిగ్గరగా చదవడం మంచి సాధన.

కుటుంబ సభ్యులు జారే చాపలను, అడ్డుగా ఉన్న సామాన్లను తొలగించాలి. స్నానాల గదిలో పట్టుకొనేందుకు కమ్మీ అమర్చాలి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా, ఆ పనిని వారినే చేసుకోనివ్వాలి.

మొన్న సాయంత్రం మా సహోద్యోగి కాలనీ వీధిలో కనిపించారు. ప్రక్కనే నడుస్తున్న భార్య "ఒకటి, రెండు" అని లెక్కపెడుతున్నారు. ఆయన చేయి వణుకుతూనే ఉన్నది. అయితే ఇప్పుడు దాహమైతే తానే లేచి వెళ్లి మంచినీళ్లు త్రాగుతున్నారట.