రహదారిపై ట్రాక్టరు మలుపు

సాలు చివర ఎడ్లను మలుపుట మన కర్షకులకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. గట్టు ఎంత దూరమున నుండగా పగ్గము బిగింపవలెనో, వలపటి యెద్దును ఎంత నిలిపి దాపటి యెద్దును ఎంత నడిపింపవలెనో చిన్ననాటినుండి మనకు తెలిసినదే. ఎడ్లకు బదులు ట్రాక్టరు వచ్చినను ఆ నేర్పు పోలేదు. కాని పొలములోని మలుపునకును, నాలుగు వరుసల రహదారిపై యూటర్నునకును ఒక పెద్ద భేదము కలదు. పొలములో మన వెనుకనుండి వచ్చువాడు లేడు. రహదారిపై వచ్చువాడు కలడు. వాడు మన కంటబడిన పిదప మనయొద్దకు చేరుటకు కొన్ని సెకండ్లు చాలును. ఈ భేదమును మనము లెక్కకు తెచ్చుకొనకపోవుటచేత, ధాన్యముతో బయలుదేరిన బండి యార్డు చేరలేదనియు, కూలికి పోయినవారు ఇల్లు చేరలేదనియు వినవలసి వచ్చుచున్నది. కోతల కాలము సమీపించినది గనుక ఈ విషయమున మా యభిప్రాయమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మిరప కోతల దినములలో ఒక సాయంకాలము మేము జాతీయ రహదారిపై డివైడరు సందు చెంత నిలిచి, రాకపోకలను కొంతసేపు చూచితిమి. ఒక ట్రాక్టరు దారి దాపలి యంచున వచ్చి, సంజ్ఞ యేమియు లేక, రెండు వరుసలను అడ్డముగా కోసికొని సందులోనికి పోయెను. ఇంకొకటి సందులో నిలిచెను గాని, ట్రాలీ వెనుకభాగము వేగముగా పోవు వరుసలోనే యుండిపోయెను. మరియొకటి తరువాతి సందువరకు పోవుటకు బదులు ఎదురుదారినే వచ్చుచుండెను. చీకటి పడిన తరువాత వచ్చిన ట్రాలీలకు వెనుక ఎఱ్ఱదీపము కనబడలేదు. నడుపువారందరును చేయి తిరిగినవారే. ఆనాడు ఎవరికిని ప్రమాదము కలుగలేదు. అది వారి నేర్పుచేత గాక, ఎదుటివారు సమయమునకు బ్రేకు వేయుటచేతనే అని మేము కన్నులార చూచితిమి.

ఇందలి లెక్కను కొంచెము విచారింతము. నడుమ డివైడరు గల నాలుగు వరుసల రహదారులపై కార్ల గరిష్ఠ వేగమును కేంద్ర ప్రభుత్వము 2018లో గంటకు 100 కిలోమీటర్లుగా నిర్ణయించెను. అనగా కారు సెకండునకు సుమారు 28 మీటర్లు పోవును. నిండు బరువుతో నున్న ట్రాక్టరు నిలిచినచోటినుండి కదలి, ట్రాలీతో సహా ఆవలి దారిలో కుదురుకొనుటకు పది సెకండ్లు పట్టినదనుకొందము. ఆ పది సెకండ్లలో కారు 280 మీటర్లు వచ్చును. ఎడ్లబండి వేగమునకు అలవాటుపడిన మన కంటికి అంతదూరపు వాహనము నిలిచియున్నట్లే తోచును. రాత్రివేళ దీపములు మాత్రమే కనబడునప్పుడు ఆ భ్రమ మరింత పెరుగును. “చాల దూరమున నున్నది, దాటిపోవచ్చును” అను మాటయే పెక్కు ప్రమాదములకు మూలము.

చట్టము చెప్పునది కూడ ఇంతే. 1989 నాటి నిబంధనలకు బదులు 2017లో వచ్చిన మోటారు వాహనముల చోదక నిబంధనల ప్రకారము, నిషేధపు గుర్తు ఉన్నచోటను, రాకపోకలు దట్టముగా నున్న దారియందును యూటర్ను తీయరాదు. తీయదగిన చోట ముందుగా సంజ్ఞ చేసి, అద్దములో వెనుకకు చూచి, ఇతరులకు అపాయము లేనప్పుడే తిరుగవలెను. ఎదురుదారిన నడుపుటను 2019 నాటి సవరణ చట్టము ప్రమాదకరమైన చోదనముగా ఎంచినది. మొదటి తప్పునకే ఆరు నెలలకు తగ్గకుండ ఒక సంవత్సరమువరకు ఖైదు గాని, వేయి మొదలు అయిదువేల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇందుకు మన సోదరులు చెప్పు సమాధానము మాకు తెలియనిది కాదు. “ఊరు ఒకవైపు, పొలము ఒకవైపు మిగులునట్లు రహదారి వేసిరి. తిరుగుటకు రెండు కిలోమీటర్లు పోయి, మరల రెండు కిలోమీటర్లు రావలెను. డీజిలు ఎవరిత్తురు? కాటా మూసివేసినచో ఎవరు తెరతురు?” అందురు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. కాని దానికి గునపముతో డివైడరు పగులగొట్టుట విరుగుడు కాదు. అధికారులు విడిచిన మలుపుచోట ముందుగా గుర్తులుండును. పెక్కుచోట్ల తిరుగువారు వేచియుండుటకు వేరు వరుస యుండును. మనము పగులగొట్టిన సందువద్ద ఇవి యేవియు నుండవు. అచ్చట బండి తిరుగునని వచ్చువానికి తెలియదు. కావలసినది అండరుపాసు, సర్వీసు రోడ్డు. ఒక్క రైతు వ్రాసిన అర్జీ బుట్టలో పడవచ్చును గాని, సంఘమంతయు సంతకములు చేసి పంపినదానిని త్రోసిపుచ్చుట సులభము కాదు. సహకారమునకు ప్రయోజనము అప్పులు, ఎరువులు మాత్రమే కాదు గదా!

ఆ సౌకర్యము కలుగువరకు మనము చేయదగినవి కొన్ని కలవు. అండరుపాసు ఉన్నచోట కొంత దూరమైనను దానిక్రిందనే పోవలెను. అది లేక సందువద్దనే తిరుగవలసి వచ్చినచో, చాల ముందుగానే అద్దము చూచి, సంజ్ఞ చేసి, క్రమముగా వలపలి వరుసకు రావలెను. గడ్డియు బస్తాలును దీపమును కప్పివేయును గనుక కుడిచేతిని కూడ చాచవలెను. ట్రాక్టరును ట్రాలీయును కలిపి సందులో పూర్తిగా ఇముడనిచో, రెండు దిక్కుల దారియు ఖాళీగా నున్నప్పుడే కదలవలెను. సగము దాటి నిలువరాదు. పొలములో విడివిడిగా త్రొక్కు రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కుటకు ముందే కొక్కెముతో కలుపవలెను. బరువుతో తిరుగుచు ఒక్క చక్రమునకే బ్రేకు వేసినచో బండి తలక్రిందులగును. ట్రాలీ సరకులకు గాని మనుష్యులకు గాదు. బస్తాలపై కూలీలను ఎక్కించుకొని యూటర్ను తీయువాడు, తన ప్రాణముతో గాక ఇరువది కుటుంబములతో జూదమాడుచున్నాడు. వెనుక దీపమును, ఎఱ్ఱని రిఫ్లెక్టరులును లేనిచో చీకటిలో రహదారి ఎక్కకుండుటయే మేలు.

ఈ బాధ్యతను నడుపువానిపైననే నెట్టివేయుట మా ఉద్దేశము కాదు. తొందరకు కారణము మన గోదాము కాటాకడనే కలదు. ముందు వచ్చినవానికి ముందు తూకమైనప్పుడు, దగ్గరిదారి వెదకనివాడెవడు? కావున మూడు పనులను సంఘము చేపట్టవలెనని మా సూచన. తూకమునకు ముందునాడే టోకెను ఇచ్చి వేళ నిర్ణయించినచో, చుట్టుదారిని వచ్చినవానికి వరుస పోదు. సంఘము అద్దెకిచ్చు ట్రాక్టరులను అద్దములు, వెనుకదీపము, రిఫ్లెక్టరులు లేనిదే ఆవరణ దాటనీయరాదు. మూడవది, అండరుపాసు కొరకు ఉమ్మడి అర్జీ.

నాలుగు కిలోమీటర్ల చుట్టుదారికి అయ్యెడు డీజిలు లీటరునకు అటునిటుగా నుండును. ఆ లీటరు కొరకు ఏ యింటి దీపమును ఆర్పుకొనరాదు. ఈ సూచనలను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు తేవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. సభ్యులు తమ ఊరి యొద్ద అపాయకరములని తోచిన డివైడరు సందుల వివరములను ఈ నెలాఖరులోగా కార్యాలయమునకు వ్రాసి పంపినచో, అర్జీలో చేర్చుటకు వీలగును.