విమానమెక్కి ఇడ్లీకి

అమెరికాలో స్థిరపడిన నా చిన్ననాటి స్నేహితుడొకడు నాలుగేళ్ళ క్రితం విమానం నడపడం నేర్చుకున్నాడు. నలుగురు పట్టే చిన్న విమానం. శనివారం వచ్చిందంటే ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని, దానిని అద్దెకు తీసుకుని, వంద మైళ్ళ అవతల ఏ పల్లెటూరి విమానమైదానంలోనో దిగి, అక్కడి హోటల్లో తిని, కాసేపు నడుం వాల్చి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరతాడు. అక్కడి సొంత విమానాల వాళ్ళలో ఇది పాత అలవాటే. దానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు "వంద డాలర్ల హాంబర్గర్". తినే పదార్థానికి అయ్యేది కొద్ది డాలర్లే, మిగిలినదంతా ఇంధనానికీ విమానానికీ. ఆ పేరు పెట్టిననాటి లెక్క అది, ఇప్పుడు వందతో రెక్క కూడా కదలదని వాడే నవ్వుతాడు.

మొన్న ఫోనులో వాడొక ప్రణాళిక వినిపించాడు. వచ్చే సంక్రాంతికి వచ్చినప్పుడు హైదరాబాదులో ఒక చిన్న విమానం మాట్లాడుకుని ఉదయమే గన్నవరంలో దిగడం. గాంధీనగరం బాబాయి హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. పదకొండింటికి ఇంకొకచోట పెసరట్టు, ఉప్మా. మధ్యాహ్నం మరొకచోట ఉలవచారు, మీగడతో భోజనం. భవానీ ద్వీపంలో చెట్ల నీడన ఒక కునుకు. సాయంత్రం బందరు లడ్డు కట్టించుకుని తిరుగు ప్రయాణం. "ఒక్కరోజులో కృష్ణా డెల్టా అంతా నాలుక మీదికి వచ్చేస్తుందిరా, ఏమంటావు?" అన్నాడు.

వెంటనే ఏమీ అనలేకపోయాను. ముందుగా కలిగినది అసూయేనని ఒప్పుకుంటాను. దానిని పక్కకు నెట్టి ఆలోచించినా, ఏదో గొంతుకు అడ్డం పడుతూనే ఉంది. ఖర్చు సంగతి కాదు. వాడి డబ్బు, వాడి సరదా. రెండు రోజులు నలిగాక తెలిసింది. ఆ పట్టికలో అన్నీ ఉన్నాయి, ఆకలికి మాత్రం చోటు లేదు.

అసలు బెజవాడకు తిండి విషయంలో అంత పేరెందుకు వచ్చింది? చుట్టూ పాడీ పంటా ఉన్నాయి, నిజమే. కానీ పాడీ పంటా ఉన్న ఊళ్ళు డెల్టాలో ఇంకా ఎన్నో ఉన్నాయి. నాకు తోచే కారణం వేరు. అది మనుషులు ఆగవలసి వచ్చిన ఊరు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలకే కాక ప్రయాణానికీ దారులయ్యాయి. తూర్పున ఏలూరు కాలువ గోదావరి కాలువలను కలుపుకుంది. పడమట కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువను అందుకుంది. కాకినాడలో పడవెక్కినవాడు నీటి మీదనే మద్రాసు దాకా పోగలిగేవాడు, మధ్యలో కృష్ణను దాటుకుని. లాకు దగ్గరకు రాగానే పడవ ఆగేది. రెండు వైపులా నీరు సమానమయ్యేదాకా తలుపులు తెరుచుకోవు. ఎంత గొప్పవాడైనా గట్టున కూర్చోవలసిందే.

తరువాత రైలు వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయ్యాక మద్రాసు దారి, నిజాం దారి, కలకత్తా దారి అన్నీ అక్కడ ముడిపడ్డాయి. హైదరాబాదు నుంచి కాజీపేట మీదుగా విశాఖ పోయే బండికి బెజవాడలో దిశ మారుతుంది. ఇంజను ఒక కొస నుంచి ఊడదీసి రెండో కొసకు తగిలించాలి. ఆ సమయంలోనే కదా మన తండ్రులు మరచెంబు పట్టుకుని దిగి, బండి కదులుతుందేమోనని మనం కిటికీలోంచి బిక్కుబిక్కుమంటూ చూస్తుండగా, ఆకు పొట్లాలలో ఇడ్లీ తెచ్చింది! ఆ చట్నీ గొప్పదో కాదో నేను చెప్పలేను. ఐదు గంటలు బల్ల మీద కూర్చుని వచ్చిన కడుపుకు అది గొప్పదే.

గాంధీనగరం హోటళ్ళు కూడా రైలు దిగి వచ్చినవాడికి నడక దూరంలోనే వెలిశాయి. సినిమా పంపిణీ కార్యాలయాలకు వచ్చినవాళ్ళు, కోర్టు పనికి వచ్చినవాళ్ళు, సాయంత్రం బండి దాకా ఏమీ తోచనివాళ్ళు, వీళ్ళందరూ తిని పెంచిన హోటళ్ళవి. నిరీక్షణకు పుట్టిన బిడ్డలు. నా స్నేహితుడు తన విమానంతో చెరిపివేయదలచుకున్నది సరిగ్గా ఆ నిరీక్షణనే. తినదలచుకున్నదేమో అది వండిపెట్టిన వంటను.

ఉలవచారు మాటే తీసుకుందాం. ఎడ్లకు పెట్టడానికి ఉలవలు ఉడికిస్తే మిగిలిన నీరది. దానిని పారబోయకుండా, సన్నని సెగ మీద గంటల తరబడి మరగబెట్టి చిక్కబరిచిన ఇల్లాలి తెలివి. పొలం నుంచి ఎద్దూ మనిషీ ఒకేసారి ఆకలితో ఇల్లు చేరే రోజుల వంట. పదకొండింటికి పెసరట్టు తిన్నవాడి ముందు ఒంటిగంటకు దానిని వడ్డిస్తే, పాపం, రెండు చెంచాలు రుచి చూసి "బాగుంది" అంటాడు. అంతకుమించి వాడు మాత్రం ఏమనగలడు? డబ్బు పెట్టి దూరాన్ని తగ్గించుకోవచ్చు గాని, రోజుకు రెండుమార్లు వేసే ఆకలిని ఐదుమార్లు వేయించలేము.

ఆకాశమార్గాన తిండి అన్నమాటకు బెజవాడలో మరొక జ్ఞాపకం కూడా ఉంది. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, డాబాల మీద నిలబడ్డ జనానికి హెలికాప్టర్ల నుంచి ఆహారపు పొట్లాలు జారవిడిచారు. డ్రోన్లతో కూడా పంపారు. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజి మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. రెండు నెలలు గడిచాక, నవంబరు 9న, అదే కృష్ణ నీటి మీద నుంచి, పున్నమి ఘాట్ దగ్గర, ఒక జలవిమానం శ్రీశైలానికి ఎగిరింది. ప్రయోగాత్మక ప్రయాణం, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారే ఎక్కారు. రోడ్డున పూట పట్టే దారి గంటలోపే. ఆ రెండు దృశ్యాలనూ టీవీలో చూసినవాడిని. ఒకటి తప్పనీ మరొకటి ఒప్పనీ అనను. జలవిమానం చూసి నాకూ ముచ్చట వేసింది. కాని డాబా మీద చేతులు చాచిన ఆ మనిషికి అందిన పొట్లంలో ఏ హోటలు అన్నం ఉందో అతడు అడిగి ఉండడు. మా వాడి పట్టికలో మొదటి వరుసలోనే హోటలు పేరుంది.

నెమ్మది ప్రయాణాలన్నీ పుణ్యకార్యాలని చెప్పబోవడం లేదు. జబ్బు మనిషిని పడవలో లాకుల మీదుగా తీసుకువెళ్ళిన రోజులు ఎవరికీ వద్దు. 2003లో ఎయిర్ డెక్కన్ వాళ్ళు గన్నవరానికి విమానాలు మొదలుపెట్టినప్పుడు సంతోషించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి. మా వాడికి అసలు సంతోషం ఎగరడంలో ఉంది, హాంబర్గరు ఒక నెపం. అమెరికాలో అది సరిపోయింది, ఎందుకంటే అక్కడ విమానం తానే నడుపుతాడు. దిగేసరికి వాడికీ ఆకలి వేస్తుంది. ఇక్కడ వెనక సీట్లో కూర్చుని దిగుతాడు. నెపమే మిగిలి అసలుది పోతుంది.

ఇదంతా వాడికి ఇంత పొడుగున చెప్పలేదు. ఒకే హోటలు ఎంచుకోమన్నాను. గన్నవరం దాకా ఎలా వస్తావో రా, అక్కడి నుంచి మాత్రం కారు వద్దు, ఉదయమే ఏమీ తినకుండా సిటీ బస్సు ఎక్కు, నేను స్టేషను దగ్గర ఉంటాను అన్నాను. రామవరప్పాడు రింగు దగ్గర బస్సు బాగానే ఆగుతుందని కూడా చెప్పాను.

"అక్కడ ఎంతసేపు ఆపుతాడు?" అని అడిగి, కాసేపు ఊరుకుని, "ఆ పక్కన తినడానికి ఏమైనా దొరుకుతుందారా?" అన్నాడు.