మూడడుగుల చేపని వదిలేసి వచ్చాం

మొన్న శనివారం రాత్రి మా అమ్మకి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాను. మావాడు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మూడడుగుల చేపని రెండు చేతుల్తో అడ్డంగా పట్టుకున్న ఫొటో. అక్కడ తెల్లారిందో లేదో, వెంటనే ఫోన్.

"ఏం చేశావే? పులుసా, వేపుడా?"

"వదిలేశామమ్మా."

కాసేపు చప్పుడు లేదు. "వదిలేయడమేంటే? మతుండే మాట్లాడుతున్నావా?"

అమ్మని ఏమీ అనలేను. నిన్నమొన్నటిదాకా నాదీ అదే మాట. మాది కోనసీమ. పుస్తెలమ్మయినా పులస తినాలనే ఊళ్ళో పుట్టి, ఒహాయోలో కాపురం చేస్తున్నాను. చేపని పట్టేది తినడానికి కాకపోతే మరెందుకు?

మా పదిహేనేళ్ళవాడికి రెండేళ్ళుగా మస్కీ పిచ్చి. మస్కీ అంటే పొడుగు మూతి, నోటినిండా సూదుల్లాంటి పళ్ళు, ఒంటిమీద చారలు. మాటువేసి మిగతా చేపల్ని తినే పెద్ద మంచినీటి చేప. విస్కాన్సిన్ వాళ్ళు 1955లో దీన్నే తమ రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. దీన్ని పట్టేవాళ్ళు "పదివేల విసుర్ల చేప" అంటారు. అన్నిసార్లు గాలం విసిరితే ఒకటి పడుతుందట. మావాడికి ఆ ఒక్కటీ పడలేదు. సెప్టెంబరులో లెక్కల్లో మార్కులు తగ్గేసరికి నేను గాలం కర్రలన్నీ తీసుకెళ్ళి గరాజ్ అటక మీద పడేసి, "ఇంటికి చేపైనా రాని వేటెందుకురా" అన్నాను.

వాడు అరవలేదు. మాట్లాడటం మానేశాడు. మూడు వారాలు. పెడితే తినేవాడు, కంచం కడిగేవాడు, గదిలోకి పోయేవాడు. అరిచినా బాగుండనిపిస్తుంది కదండీ అలాంటప్పుడు.

చివరికి నేనే అటకెక్కి దింపాను. వాడికింకా ఒంటరిగా కారు నడిపే వయసు లేదు, మావారికి ఆఫీసు పని. కాబట్టి డ్రైవరునీ నేనే. ఒహాయో నది దాటి, వెస్ట్ వర్జీనియాలో మిడిల్ ఐలండ్ క్రీక్ అనే వాగు. కొన్నిచోట్ల రాయి విసిరితే అవతలి ఒడ్డున పడుతుంది. ఇంత వాగులో అంత చేపా అనుకున్నాను. పైకి అనలేదు, నోరు అదుపులో పెట్టుకుంటానని ఒట్టేసుకుని వచ్చాను మరి.

పులిహోర డబ్బా పట్టుకుని ఒడ్డున కూర్చుందామనుకుంటే, నా చేతికి పెద్ద రబ్బరు వల ఇచ్చాడు. "ఎర ఒడ్డుకొచ్చాక టక్కున తీయకూడదమ్మా. నీళ్ళలోనే ఎనిమిది అంకె గీయాలి. అది వెనకే కాళ్ళదాకా వస్తుంది" అన్నాడు. మూడు వారాల తర్వాత వాడు నాతో అన్న మొదటి పెద్ద వాక్యం అది. నాకు అర్థమైనా ఇంకోసారి చెప్పించుకున్నాను.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. తర్వాత ఒక మడుగు దగ్గర ఎర వెనకాల గోధుమరంగు దుంగ ఒకటి కదిలొచ్చింది. "ఒరేయ్ పాము!" అని కేకేశాను. దుంగ మాయం. తిడతాడనుకున్నాను. వాడు నీళ్ళలో నిలబడి పడీపడీ నవ్వాడు.

గంటాగి మళ్ళీ అదే మడుగుకి వెళ్ళాం. ఈసారి ఎనిమిది అంకె రెండో చుట్టులో పట్టేసింది. నీళ్ళన్నీ నా మొహాన. తలవైపు నుంచి వల వెయ్యమన్నాడు, వేశాను. పైకెత్తబోతే "వద్దమ్మా, నీళ్ళలోనే ఉంచు" అన్నాడు. పొడుగు పటకారుతో కొక్కెం తీశాడు. ఫొటోకి ఎత్తేముందు నన్ను ఊపిరి బిగబట్టమన్నాడు. నేను ఆపుకోగలిగినంతసేపే అది బయట ఉండాలట. తర్వాత తోక దగ్గర పట్టుకుని, దానంతట అది కదిలేదాకా ఆ చల్లటి నీళ్ళలో వంగి నిలబడ్డాడు. గది సర్దడానికి నాలుగుసార్లు చెప్పించుకునే పిల్లాడు!

నీళ్ళు వేడెక్కే ఎండాకాలంలో అసలు వీటి జోలికి పోకూడదట, వదిలినా కొన్ని బతకవు. బాగా పెద్దవన్నీ దాదాపు ఆడచేపలేనట. ఇదంతా తిరుగు దారిలో చెప్పాడు. నేను రేడియో కట్టేశాను.

ఇప్పుడు నా మాట. చిన్న వాగులో పెద్ద చేపలు వందలుండవు. ఒక మడుగులో మూడడుగులు పెరిగిన ఆడచేపని ఇంటికి తెచ్చుకుంటే, వచ్చే వసంతంలో అది పెట్టే గుడ్లు కూడా మన పులుసులోకే వచ్చినట్టు. మా గోదావరి పులస సంగతేంటి? గుడ్లు పెట్టడానికే సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కి వస్తుంది. మనం దారికాచి పట్టి, గుడ్లున్నదైతే ఇంకా ఎక్కువ పోసి కొన్నాం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డమన్నది నిజమే. కానీ ఆ గుడ్లని ఇష్టంగా తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ధర చూసి ఊరుకుంటున్నాం. పట్టి వదిలేయడం పిచ్చితనం కాదనే నా అభిప్రాయం. మీ పిల్లలకి ఆ సరదా ఉంటే అడ్డుపడకండి, ఒకసారి వెంట వెళ్ళి వల పట్టుకోండి.

అలాగని దానికి నొప్పి ఉండదని నేను చెప్పను. కొక్కెం తీస్తున్నప్పుడు నేను పక్కకి తిరిగాను. తినడానికి చంపడం మేలా, సరదాకి గుచ్చి వదలడం మేలా అని ఎవరైనా అడిగితే నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. మావాడినీ అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అందుకే తొందరగా వదిలేయాలమ్మా" అన్నాడు.

లెక్కల మార్కులు అలాగే ఉన్నాయి. ఆదివారం ఫ్రీజర్లోంచి టిలాపియా తీసి పులుసు పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు.