పాలడబ్బా లేని పురిటిల్లు

మా చెల్లెలి ఇంట్లో బీరువా కింది అరలో ఓ ప్లాస్టిక్ సంచి ఉంది. మొన్న రేషన్ కార్డు కోసం వెతుకుతుంటే బయటపడింది. లోపల ఐదేళ్ల కిందటి మొదటి కాన్పు బిల్లులు! ఆపరేషన్‌కు ఇంత, మత్తు డాక్టరుకు ఇంత, గదికి రోజుకింత, పిల్లల డాక్టరు వచ్చి చూసినందుకు ఇంత, మందులు, రక్తపరీక్షలు, స్కానింగులు... అన్నీ కూడితే యాభై ఎనిమిది వేలు. ఆ కట్టలోనే మందుల షాపు రసీదులు ఓ పాతిక వేరేగా పిన్ను కొట్టి ఉన్నాయి. అన్నింటిమీదా ఒకటే వస్తువు... పాలపొడి డబ్బా.

"దవాఖాన బిల్లు ఒక్కసారి కట్టి మరిచిపోయినం అక్కా. గీ డబ్బాలే మా పానం తీసినయ్" అంది చెల్లెలు.

వాళ్ల అత్తగారి ఊరు బాన్సువాడకు దగ్గర్లోనే. నిజాంసాగర్ కాలువ కింద రెండెకరాల వరి. యాభై ఎనిమిది వేలంటే అప్పటి ధరకు ఎకరం వడ్లు మొత్తం అమ్మినా చాలని సొమ్ము. విత్తనాలు, ఎరువులు, కోత మిషను కిరాయి తీసేయకముందు మాట ఇది. మా మరిది అప్పు చేశాడు. మా అమ్మ చేతి గాజులు కొన్నాళ్లు బ్యాంకులో ఉండొచ్చాయి. అయినా అప్పుడు ఎవరికీ కష్టమనిపించలేదు. పుట్టింది బంగారుకొండ. పైగా అయ్యగారు రాసిచ్చిన ముహూర్తానికి నిమిషం అటూ ఇటూ కాకుండా పుట్టింది మరి!

ఇప్పుడు చెల్లెలికి ఎనిమిదో నెల. రెండో కాన్పు బాన్సువాడ సర్కారు దవాఖానలోనే అంటోంది. అమ్మ ససేమిరా అంటోంది. "మొదటిది అంత మంచిగ చేపిచ్చి, రెండోదానికి సర్కారు దవాఖానకు పంపుతమా? నలుగురు ఏమనుకుంటరు బిడ్డా?" అని నాకు ఫోను. తీర్పు చెప్పే పని నామీద పడింది. పత్రికలో పనిచేసేదాన్ని కాబట్టి నాకన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. తెలుసుకోక తప్పింది కాదు.

ముందుగా కొన్ని అంకెలు. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వందకు 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇంట్లో పురుడు పోసుకుని ప్రాణాలమీదికి తెచ్చుకునే రోజులు దాదాపు పోయాయన్నమాట. చాలా సంతోషం. కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. ఆ వందలో 60కి పైగా సిజేరియన్లు! దేశం మొత్తంమీద చూస్తే ఇది 21 శాతమే. రాష్ట్రాల్లో మనదే మొదటి స్థానం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81 శాతం. సర్కారు దవాఖానలేమీ తక్కువ తినలేదు, అక్కడా 44 శాతం. కరీంనగర్ జిల్లాలో మొత్తంమీదే 80 శాతం దాటింది. పది, పదిహేను శాతానికి మించి సిజేరియన్లు అవసరం కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1985లోనే అన్నారు. ఆ గీత మరీ కింద గీశారని వాదించేవాళ్లు ఉన్నారనుకోండి. ఎంత పైకి జరిపినా అరవై దాకా అయితే రాదు కదా!

కోత తప్పనిసరైన కాన్పులు ఉంటాయి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు, మాయ అడ్డొచ్చినప్పుడు ఆ కోతే ఇద్దరి ప్రాణాలూ నిలుపుతుంది. పేచీ దాంతో కాదు. ముహూర్తం కోసం, నొప్పుల భయంతో, డాక్టరుకు రాత్రిపూట తీరిక లేక పడే కోతతోనే. దీనికి ఒక్క డాక్టర్లనే అనలేం. మా ఇంట్లో కోత కావాలని అడిగింది మేమే.

మూడో అంకె నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. ఇన్ని ఆసుపత్రులు, ఇంతమంది డాక్టర్లు ఉన్నచోట పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు వందకు 37 మందే! పట్టుకొచ్చి నోటికి అందించడానికి అందరూ పక్కనే ఉన్నారు. అయినా అందలేదు.

ఎందుకంటే కోతకూ డబ్బాకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఆపరేషన్ బల్లమీంచి తల్లిని ఓ గదికి పంపుతారు, బిడ్డను ఇంకో గదికి. నడుముకిచ్చిన మత్తు దిగాలి, కుట్ల నొప్పి తగ్గాలి. ఈలోపు బిడ్డ ఏడుస్తుంది. బయట కూర్చున్న అమ్మమ్మకూ నాయనమ్మకూ గాబరా. "పాలు పడలేదట, డబ్బా తెండి" అంటారెవరో. మొదటిరోజు బిడ్డ పొట్ట గోలీకాయంత ఉంటుంది. నాలుగు చుక్కల ముర్రుపాలు చాలు దానికి. ఆ సంగతి తెలియక సీసాడు పాలు పట్టేస్తారు. కడుపు నిండిన బిడ్డ తల్లి దగ్గర నోరు తెరవదు. బిడ్డ చీకితేనే తల్లికి పాలు ఊరేది. చీకకపోతే ఊరవు. ఊరకపోతే మళ్లీ డబ్బా! మూడోరోజుకల్లా 'దీనికి పాలు లేవు' అని ఇంటిల్లిపాదీ తీర్మానం చేసేస్తారు. మా చెల్లెలి విషయంలో అచ్చంగా జరిగింది ఇదే. తీర్మానం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక ఖర్చు చూడండి. నాలుగు వందల గ్రాముల డబ్బా నాలుగు వందల రూపాయల పైమాటే. పూర్తిగా దానిమీదే పెరిగే బిడ్డకు నెలకు ఎనిమిది డబ్బాల దాకా పడుతుంది. డబ్బా 450 అనుకుంటే నెలకు 3,600. ఆరు నెలలకు 21,600. అంత పెట్టలేనివాళ్లు ఏం చేస్తారు? రెండు చెంచాలు వేయాల్సినచోట ఒకటి వేసి నీళ్లు పోస్తారు. బిడ్డకు తిండి చాలదు. ఆ నీళ్లు కాచనివైతే, సీసా సరిగా కడగకపోతే విరేచనాలు. మళ్లీ డాక్టరు, మళ్లీ మందులు, మళ్లీ ఆటో కిరాయి. ఆసుపత్రి బిల్లులో ఎక్కడా కనిపించని కాన్పు ఖర్చు ఇది. పెద్ద ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ కార్డు ఉందని ధైర్యంగా ఉంటాం గానీ మందుల షాపులో పాలడబ్బా ముందు ఆ కార్డు చెల్లదు.

బాన్సువాడ సంగతి ఇక్కడే వస్తుంది. అక్కడి ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రికి 2022లో జాతీయ స్థాయి గుర్తింపు దక్కింది. కొత్త యంత్రాలకో, అద్దాల మేడకో కాదు... బిడ్డకు తల్లిపాలు పట్టించినందుకు! పిల్లలకు తల్లిపాలు అందాలని పనిచేసే బ్రెస్ట్‌ఫీడింగ్ ప్రమోషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఇచ్చిన గుర్తింపది. బిచ్కుంద, పిట్లం, బిర్కూర్, వర్ని వైపు పల్లెల నుంచి కూలి చేసుకునే ఆడవాళ్లు వచ్చే దవాఖాన, పెద్ద పెద్ద నగరాల ఆసుపత్రుల పక్కన పేరు రాయించుకుంది.

చదవడానికి చిన్న విషయంలా ఉంటుంది. చేయడమే కష్టం. ఈ పద్ధతికి మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1989లో రాసిన పది సూత్రాలు. పుట్టీ పుట్టగానే బిడ్డను తుడిచి తల్లి ఎదమీద పడుకోబెట్టాలి. గంటలోపు పాలు పట్టించాలి. తల్లీబిడ్డలను రాత్రీపగలూ ఒకే మంచం దగ్గర ఉంచాలి. డాక్టరు సలహా లేకుండా నీళ్లు, పంచదార నీళ్లు, పొడి పాలు ఏవీ చుక్క కూడా పోయకూడదు. సీసా, రబ్బరు పీక లోపలికి రాకూడదు. ఆపరేషన్ అయినా సరే, తల్లికి తెలివి ఉండి లేవలేని స్థితిలో ఉంటే నర్సే బిడ్డను పట్టుకుని పాలు తాగించాలి. ఇవన్నీ గోడమీద రాసి పెడితే సరిపోదు. ఇలాంటి గుర్తింపు ఇచ్చేముందు బయటివాళ్లు వచ్చి, పురుటి మంచంమీద ఉన్న తల్లులనే అడిగి తెలుసుకుంటారు.

అంటే అర్ధరాత్రి రెండింటికి పుట్టిన బిడ్డ దగ్గర కూడా ఒక నర్సు ఓపిగ్గా కూర్చోవాలి. ముర్రుపాలు పిండి పారబోయమనే ముసలమ్మకు, నాలిక్కి తేనె రాస్తాననే మేనత్తకు, ఆముదం చుక్క వేయందే ఎట్లా అని కోప్పడే పెద్దావిడకు నచ్చజెప్పాలి. అత్తగారి మాట కాదని పాలిచ్చేంత ధైర్యం ఇరవయ్యేళ్ల కోడలికి ఎక్కడిది? ఆ ధైర్యం నర్సు ఇవ్వాలి. జీతం తప్ప పైసా అదనపు ఖర్చు లేని వైద్యమిది. కాకపోతే మనిషి కావాలి.

సహజ కాన్పుకూ కావాల్సింది మనిషే. నొప్పులు పడుతున్నంతసేపు పక్కన ఉండి నడిపించి, నడుం రాసి, 'కొంచెం ఓర్చుకో తల్లీ' అనేవాళ్లుంటే సగం కోతలు అక్కర్లేదని అనుభవం ఉన్న మంత్రసానులు అంటుంటారు. ఆ పాత విద్యనే కొత్త శాస్త్రంతో కలిపి నర్సులకు నేర్పే పని తెలంగాణలో 2017లో మొదలైంది. ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వం ప్రారంభించిన ఆ మిడ్‌వైఫరీ కోర్సు తొలి జట్టు ఎక్కడ శిక్షణ పొందిందో తెలుసా? కరీంనగర్‌లోనే! జబ్బు ముదిరిన చోటే మందు మొదలుపెట్టారన్నమాట.

సర్కారు దవాఖాన అంటే ఉచితం అని అందరికీ తెలుసు. ఏమేం ఉచితమో చాలామందికి తెలియదు. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం, ఇంటి నుంచి దవాఖానకు, తిరిగి ఇంటికి బండి... వీటిలో దేనికీ రూపాయి తీసుకోకూడదు. 'మగపిల్లాడు పుట్టాడు, చేతిలో ఏమైనా పెట్టండి' అని ఎక్కడైనా అడిగితే అది రివాజు కాదు, లంచమే. బయట రాసిచ్చే మందుల చీటీ కూడా ఈ హక్కుకు విరుద్ధమే.

తల్లిపాలు ఉచితం అనేవాళ్లమీద మాత్రం నాకు కొంచెం కోపం. తల్లి తినే తిండిని, మానుకున్న కూలిని వాళ్లు లెక్కలో వేయరు. నాట్ల కాలంలో పురుడొస్తే నెల తిరక్కుండా మడిలో దిగే ఆడవాళ్లున్న ప్రాంతమిది. బిడ్డను గట్టుమీద వదిలి వచ్చే తల్లికి ఆరు నెలలు పాలివ్వమని బోధించడం తేలికే. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఒకపూట నిండు భోజనం, గుడ్డు, గ్లాసుడు పాలు పెట్టడం ఈ లెక్కను కొంత గుర్తించినట్టే.

పాలపొడి కంపెనీల సంగతీ ఒకమాట. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలివ్వడం, ఉచితంగా డబ్బాలు పంచడం, ఆసుపత్రుల్లో బొమ్మలు అతికించడం 1992 నాటి చట్టం, 2003 నాటి సవరణల ప్రకారం నేరం. టీవీలో ఆ ప్రకటన కనిపించకపోయినా డబ్బాలు అమ్ముడవుతూనే ఉన్నాయి. ఆ ప్రచారం మన నోళ్లే చేసిపెడుతున్నాయి కాబోలు. పాలు నిజంగా పడని తల్లులు, జబ్బుతో ఇవ్వలేని తల్లులు కొందరుంటారు. వాళ్లకు డాక్టరు రాసిస్తే డబ్బా తప్పేం కాదు. వాళ్లను తప్పుబట్టే హక్కూ ఎవరికీ లేదు.

ఇవన్నీ అమ్మకు ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "మొదటిది కోత అయితే రెండోదీ కోతే గదా?" అంది. అందరి విషయంలో అలా కాదు. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారు, కుట్లు ఎలా ఉన్నాయి, రెండు కాన్పుల మధ్య ఎంత ఎడం ఉంది అనేవి చూసి, ఆపరేషన్ థియేటరూ రక్తమూ సిద్ధంగా ఉన్నచోట కొందరికి సహజ కాన్పుకు ప్రయత్నిస్తారు. మా చెల్లెలికి కుదురుతుందో లేదో డాక్టరు తొమ్మిదో నెలలో చూసి చెబుతామన్నారు. మళ్లీ కోత తప్పకపోయినా ఫర్వాలేదని చెల్లెలు సిద్ధపడే ఉంది. ఆమె పట్టు మొదటి గంటమీదే.

పోయిన ఆదివారం దవాఖానకు తీసుకెళ్లాల్సిన సంచి సర్దుకున్నారట. పాత చీరలు, పొత్తి గుడ్డలు, ఆధార్ కార్డు, స్కానింగ్ కాగితాలు, చిన్న గ్లాసు. అమ్మ ఎందుకైనా మంచిదని అడుగున ఓ పాలసీసా పెట్టిందట. చెల్లెలు దాన్ని తీసి బీరువా కింది అరలో, పాత బిల్లుల సంచిలో పడేసింది.

"ముహూర్తం సంగతేంటే?" అని అడిగాను.

"అయ్యగారి నంబరు అమ్మ ఫోన్ల నుంచి తీసేసిన అక్కా" అంది.