పట్టీలు విప్పిన తరువాత

పొడవాటి పగ్గం ఒక కొసన గుర్రం, రెండో కొసన మనిషి. మనిషి మధ్యలో నిలబడి ఉంటాడు, గుర్రం అతని చుట్టూ వలయంగా తిరుగుతూ ఉంటుంది. కొత్తగా చూసేవారికి గానుగెద్దు గుర్తుకు రావచ్చు. ఇంత సాదా పని గురించి ఐరోపా అశ్వశిక్షకులు మూడున్నర శతాబ్దాలకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. పగ్గం మీద వారికి పెద్దగా తగవు లేదు. తగవంతా దానితోపాటు గుర్రం ఒంటికి తగిలించే పట్టీల గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గుర్రానికి బలమూ నిలకడా పెంచుతుందని చెప్పే ఏ సాధనానికైనా ఒకటే పరీక్ష ఉండాలి: దాన్ని విప్పిన తరువాత గుర్రం ఎలా నడుస్తున్నది? కట్టి ఉన్నప్పటి అందాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ మాట అనడానికి ముందు గుర్రం శరీరం గురించి కొంత చెప్పాలి. గుర్రానికి మనలా మెడయెముక, అంటే భుజాన్ని రొమ్ముతో కలిపే ఎముక, ఉండదు. ముందుకాళ్ళ మధ్య దాని మొండెం కండరాల ఊయలలో వేలాడుతూ ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు బరువులో దాదాపు అరవై శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. దానిపై రౌతు ఎక్కితే ఆ ముందుభారం మరింత పెరుగుతుంది. గుర్రం బలపడాలంటే ఆ ఊయల కండరాలు రొమ్మును పైకెత్తాలి, పొట్ట కండరాలు బిగిసి వెన్నును నిలబెట్టాలి, వెనుకకాళ్ళు పొట్ట కిందకు చొచ్చుకువచ్చి భారాన్ని మోయాలి. తల వెనుకనుంచి మూపు దాకా ఒక బలమైన బంధనం ఉంటుంది. గుర్రం తనంతట తాను మెడ చాచి తల దించినప్పుడు అది మూపును ముందుకు లాగి, వీపు పైకి లేవడానికి తోడ్పడుతుంది. వలయంలో తిప్పడంలోని ఉద్దేశమంతా ఇదే.

ఇక సాధనాలు. కళ్ళెం నుంచి నడికట్టు పట్టీకి రెండు వైపులా కట్టే పక్క వాగెలు అన్నిటికన్నా పాతవి. షాంబోన్ అనేది తల మరీ పైకెత్తినప్పుడు మాత్రమే నెత్తిమీదా నోటి దగ్గరా తగిలి, తల దించగానే వదులయ్యే తాడు. బ్రెజిల్ రౌతు నెల్సన్ పెసోవా పేరుతో వాడుకలో ఉన్న అమరిక గుర్రం పిరుదుల వెనుకనుంచి చుట్టి, కప్పీల మీదుగా కళ్ళెం దాకా వస్తుంది. వెనుకకాళ్ళనూ నోటినీ ఒకే తాడుతో కలపడం దాని ప్రత్యేకత. ఇటీవలి కాలంలో పొట్ట చుట్టూ, తొడల వెనుకా కట్టే సాగే పట్టీలు కూడా వచ్చాయి.

ఇవన్నీ పనికిరానివని నేననను. పెసోవా అమరికపై 2013లో వెలువడిన ఒక పశువైద్య పరిశోధన ప్రకారం, అది కట్టినప్పుడు ట్రాట్‌లో గుర్రం వేగమూ అడుగు పొడవూ తగ్గాయి, నడుము వెనుకభాగం వంగే తీరు మారింది, కాళ్ళమీద అదనపు భారం పడిన సూచనలు మాత్రం కనబడలేదు. సాగే పట్టీలతో నాలుగు వారాలు వ్యాయామం చేసిన గుర్రాలకు వీపు పక్కలకు ఊగడం, మెలితిరగడం తగ్గాయని 2017లో మరొక అధ్యయనం తెలిపింది. ఈ రెండో ఫలితం నాకు ఎక్కువ నచ్చింది. సాగే పట్టీ గుర్రాన్ని ఒక భంగిమలో బంధించదు. కండరానికి ఒక ఆనవాలు ఇచ్చి, పని దానికే వదిలేస్తుంది.

బంధించే చోటనే నా అభ్యంతరం. దీన్ని నేను పుస్తకాల్లో కన్నా నా పొరపాటులోనే ఎక్కువ నేర్చుకున్నాను.

కొన్నేళ్ళ క్రితం, పందేలనుంచి విరమించిన ఏడేళ్ళ గుర్రం ఒకదాన్ని వలయంలో తిప్పే పని నాకు అప్పగించారు. దౌడు తప్ప మరొకటి ఎరగని జీవి. తల ఆకాశంలో, వీపు పల్లంలో. మలుపులో ద్విచక్రవాహనంలా లోపలికి ఒరిగిపోయేది. పక్క వాగెలు కట్టాను. కొంచెం నయమనిపించింది. మరుసటి వారం రెండు రంధ్రాలు బిగించాను. మెడ విల్లులా వంగింది. చూడముచ్చటగా ఉందని మురిసిపోయి, ఆ పక్క వారం ఇంకొక రంధ్రం బిగించాను.

నెల తిరిగాక శాలలోని పెద్ద శిక్షకుడు వచ్చి కాసేపు చూశాడు. ఏమీ అనకుండా వాగెలు రెండూ విప్పి, మళ్ళీ తిప్పమన్నాడు. తల మునుపటికన్నా పైకి లేచింది. లోపలికి ఒరగడం ఎక్కువైంది. మూపు ముందర గుంట అలాగే ఉంది, మెడ అడుగున మాత్రం కండ లావెక్కింది. నెల రోజులపాటు అది వాగెలతో పెనుగులాడి ఆ కండను పెంచుకున్నది. కళ్ళెం మీద బరువు వాల్చి నడవడం నేర్చుకున్నది. నేను నేర్పిన బలం అదీ!

ఆ తరువాత మూడు నెలలు పట్టింది. కళ్ళెం తీసేసి ముక్కుపట్టీకి పగ్గం తగిలించాము. వలయాన్ని ఇరవై మీటర్లకు పెంచాము. వారానికి మూడే రోజులు, రోజుకు ఇరవై నిమిషాలకు మించకుండా, రెండు దిక్కులా సమానంగా తిప్పాము. ట్రాట్‌నుంచి నడకకూ నడకనుంచి ట్రాట్‌కూ పదేపదే మార్పులు. నేలమీద నాలుగు కర్రలు పరిచి వాటిమీదుగా నడిపించడం. వాగెలు కట్టినా, ఒళ్ళు వేడెక్కిన తరువాతే, ముక్కు నిట్టనిలువు గీతకు ముందే ఉండేంత వదులుగా, పది నిమిషాలు మాత్రమే. నడకలో మెడ స్వేచ్ఛగా ఊగాలి కనుక అప్పుడు విప్పేసేవాళ్ళం. ఒకనాటి ఉదయం, ఒంటిమీద ఏ పట్టీ లేకుండా, ఆ గుర్రం తనంతట తాను మెడ చాచి, బుసలు కొట్టి, వీపు ఊపుతూ నాలుగు చుట్లు తిరిగింది. ఆ నాలుగు చుట్లు చూశాక వెనకటి నెలంతా తలచుకుని సిగ్గుపడ్డాను.

ఈ పొరపాటుకు పెద్ద వంశవృక్షమే ఉంది. న్యూకాసిల్ ప్రభువు విలియం కావెండిష్ 1658లో ఆంట్‌వర్ప్‌లో ప్రచురించిన గ్రంథంలో, ముక్కుపట్టీనుంచి జీనుకు పగ్గం బిగించి మెడను వలయం లోపలికి వంచే పద్ధతిని బోధించాడు. ఫ్రెంచి ఆచార్యుడు లా గెరినియేర్ 1733 నాటి తన గ్రంథంలో ఆయనపట్ల గౌరవం చూపుతూనే, ఆ వలయాభ్యాసం బరువును భుజాలమీదకే నెడుతుందని గుర్తించి, అభ్యాసాన్ని గోడవెంట తిన్నని దారికి మళ్ళించాడు. తలను ఛాతీకి ఆన్చేలా బలవంతంగా లాగడం ఆమోదయోగ్యం కాదని అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య ప్రకటించింది 2010లో. అప్పటికీ ఆ మాట చెప్పవలసి వచ్చిందంటే, బిగింపు మీద మనిషికున్న మోజు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అనుభవం లేనివారి చేతిలో వదులైన పట్టీ కూడా గుర్రాన్ని గందరగోళపు పరుగునుంచి కాపాడుతుంది కదా అని కొందరంటారు. నిజమే, ఆ మేరకు ఒప్పుకుంటాను. అయితే అనుభవం లేని చేయే పట్టీని ఎక్కువ బిగిస్తుంది. నేనే అందుకు సాక్ష్యం. కండ పెరగడానికి నెలలు పడుతుంది, రంధ్రం బిగించడానికి క్షణం చాలు. ఆ తేడా భరించలేకనే మనం పట్టీ దగ్గరకు పరుగెడతాము.

వియన్నాలోని స్పానిష్ అశ్వశాలలో కొత్తగా చేరిన రౌతును నెలల తరబడి వాగెలూ రికాబులూ లేకుండా, వలయంలో తిరిగే గుర్రంమీద కూర్చోబెడతారు. పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడే నిలకడ ఒంటబడుతుందని అక్కడివారికి తెలుసు. రౌతుకు పాటించే ఆ న్యాయాన్ని గుర్రానికి కూడా పాటించమనే నేను అడిగేది. సాధనం కట్టండి, తప్పులేదు. ప్రతి రోజూ చివరి అయిదు నిమిషాలు విప్పి చూడండి. ఆ అయిదు నిమిషాల్లో గుర్రం ఎలా నడిచిందో చూసుకుని, రేపు ఆ పట్టీ అవసరమా కాదా అన్నది అప్పుడు నిర్ణయించుకోండి.