అపవాదికీ ఒక కైరోస్

గ్రీకులో కాలానికి రెండు మాటలున్నాయట. క్రోనోస్ అంటే గడియారం చూపించే మామూలు కాలమట, కైరోస్ అంటే దేవుడు ముహూర్తం పెట్టి పంపే అవకాశమట. ఉజ్జీవ సభల్లో ఇది తిరుగులేని సత్యంలా చలామణీ అవుతోంది. ‘ఇది మీ కైరోస్, జారవిడుచుకోకండి’ అన్న వెంటనే కానుక సంచీ తిరిగే సభలూ లేకపోలేదు. వినసొంపుగానే ఉంది గానీ, కొత్త నిబంధన ఈ విభజనను ఎరగదు.

లూకా 4:13 తీయండి. అరణ్యంలో యేసును శోధించి భంగపడ్డ అపవాది కొంతకాలం ఆయన్ను విడిచి వెళ్తాడు. ఆ కాలానికి గ్రీకులో ఉన్న మాట కైరోసే. అంటే అపవాదికీ దేవుడే ముహూర్తం పెట్టాడా? మత్తయి 26:16లో ముప్పై వెండి నాణేలు పుచ్చుకున్న యూదా, యేసును అప్పగించడానికి కాచుకున్నది ‘యూకైరియా’ కోసం. కైరోస్ నుంచే పుట్టిన ఆ మాటకు మంచి అదను అని అర్థం. మార్కు 11:13లోనైతే కైరోస్ ఉత్త అంజూరపు పళ్ల కాపుకాలం.

అసలు చిక్కు గలతీ 4:4 దగ్గర. దేవుడు తన కుమారుణ్ణి పంపిన ఘడియ కంటే దైవనిర్ణీతమైన ఘడియ క్రైస్తవుడికి ఇంకేముంది? అక్కడ పౌలు రాసింది క్రోనోస్! మార్కు 1:15లో యేసు నోట వచ్చింది కైరోస్. తెలుగు బైబిలు రెండుచోట్లా ‘కాలము’ అనే వేసింది. మంచి పనే చేసింది.

ఒకే అర్థమైతే అపొస్తలుల కార్యములు 1:7లో రెండూ పక్కపక్కన ఎందుకున్నాయని అడుగుతారు. మనం ‘వేళాపాళా’ అనమూ? పైగా ఆ వచనం ప్రకారం రెండూ తండ్రి అధీనంలోనివే. క్రోనోస్‌ను మనిషి ఖాతాలో వేసే వీల్లేదు.

కైరోస్ వేరు, క్రోనోస్ వేరు అనే వాదం వెనక పండితులు లేకపోలేదు. ఆస్కార్ కుల్మన్ 1946లో కాలంపై రాసిన గ్రంథంలో కైరోస్‌కు పెద్దపీట వేశాడు. 1962లో జేమ్స్ బార్ బైబిల్లోని కాలవాచకాల వాడుకను పరిశీలించి, ఇలాంటి విభజన నిలవదని తేల్చాడు. అరవై ఏళ్లు దాటినా ఆ కబురు మన వేదికలకు చేరలేదు.

కైరోస్‌కు అవకాశమనే అర్థం లేదనడం లేదు. గలతీ 6:10లో అవకాశం ఉండగానే అందరికీ మేలు చేయమన్నప్పుడు పౌలు వాడిన మాట అదే. అయితే ఆ అర్థాన్ని ఇస్తున్నది ఆ వాక్యం. అక్కడా ముహూర్తం కోసం కాచుకోమనలేదు, వీలున్నప్పుడల్లా మేలు చేయమన్నాడు, అంతే.

బోధకులకు ఒక్క మనవి. కొత్త నిబంధనలో కైరోస్ ఎనభైకి పైగా చోట్ల వస్తుంది. గ్రీకు పేరు చెప్పి జనాన్ని తొందరపెట్టే ముందు వాటన్నిటినీ ఒకసారి చదవండి.