కీసర అంటే గుట్ట ఒక్కటేనా?



పై వీడియోలో కీసర చుట్టుపక్కల పొలాలు చూపించాను. కెమెరా పట్టుకుని గట్ల మీద నడుస్తూ మాట్లాడేటప్పుడు అన్నీ చెప్పడం కుదరదు. మిగిలిపోయిన మాట ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

కీసర అనగానే ఎవరికైనా గుట్టే గుర్తొస్తుంది. శివరాత్రికి హైదరాబాద్ నుంచి బస్సులు, బైకులు, కార్లు బారులు తీరుతాయి. కథ మనందరికీ తెలిసిందే. రావణుణ్ని చంపిన పాపం పోవాలని రాముడు ఇక్కడ శివలింగం ప్రతిష్ఠించాలనుకున్నాడు. లింగం తెమ్మని హనుమంతుణ్ని కాశీకి పంపాడు. ముహూర్తం దాటిపోతుంటే శివుడే వచ్చి లింగం ఇచ్చాడు. హనుమంతుడు నూటొక్క లింగాలతో వచ్చేసరికి ప్రతిష్ఠ అయిపోయింది, కోపమొచ్చి అన్నీ విసిరేశాడు. గుట్ట మీద ఎక్కడ పడితే అక్కడ కనిపించే లింగాలు అవేనంటారు. హనుమంతుడి తండ్రి కేసరి పేరు మీద కేసరిగిరి, అదే జనం నోళ్లలో నలిగి కీసర అయిందని పెద్దల మాట.

కథ పక్కనే చరిత్ర కూడా ఉంది. దాని గురించి శివరాత్రికి వచ్చేవాళ్లలో చాలామందికి తెలియదు. ఈ గుట్ట విష్ణుకుండినుల కాలం నాటి పెద్ద స్థావరం. అంటే సుమారు పదిహేను వందల ఏండ్ల కిందటి మాట. పురావస్తు శాఖ తవ్వకాల్లో కోటగోడ ఆనవాళ్లు, ఇటుక కట్టడాలు, నాణేలు బయటపడ్డాయి. ఒక బండ మీద ‘తొలచువాన్డ్రు’ అని చెక్కి ఉంది. రాతిని తొలిచేవాళ్లు అని అర్థం. తెలంగాణలో దొరికిన బాగా పాత తెలుగు మాటల్లో ఇదొకటి.

నాకు గుట్ట మీద అన్నింటికన్నా నచ్చేది ఈ ఒక్క మాట. రాజు బిరుదు కాదు, దాన శాసనం కాదు, పని చేసినోళ్ల పేరు. మరి ఆ తొలిచేవాళ్లు తిన్న తిండి ఎక్కడిది? కోటలో ఉన్నోళ్లకు గింజలు, పాలు, నెయ్యి ఎక్కడి నుంచి పోయి ఉంటాయి? గుట్ట చుట్టూ ఉన్న పొలాల నుంచే కదా! దున్నేవాళ్ల పేరు ఏ బండ మీదా లేదు, అంతే తేడా.

మనం వారసత్వం అంటే గుడి, రాళ్లు, శాసనాలు అని ఒక గీత గీసుకున్నాం. గుట్ట దిగి రోడ్డు మీదికొచ్చాక అది వారసత్వం కాదు, సర్వే నంబర్. నా గొడవ ఈ గీతతోనే.

కొంచెం నీళ్ల లెక్క చూద్దాం. ఇక్కడివన్నీ గ్రానైటు గుట్టలు. బండ మీద పడ్డ వాన ఆగదు, కిందికి ఉరుకుతుంది. గుట్ట చుట్టూ చెట్లు, పొదలు ఉంటే ఆ నీళ్లు నెమ్మదిస్తాయి, కొన్ని భూమిలోకి దిగుతాయి, కొన్ని కుంటల్లోకి చేరతాయి. కుంట కింద బావి, బావి కింద మడి. పైన అడవి లేకపోతే కింద బోరు ఎండుతుంది. కింద కుంట పూడిపోతే గుట్ట మీద వాన ఎవరికీ పనికిరాకుండా రోడ్ల మీద పారుతుంది. ఊళ్ల పేర్లు చూడండి, కీసర మండలంలో గోధుమకుంట అని ఒక ఊరుంది. పేరులోనే పంట ఉంది, నీళ్లున్నాయి. ఆ పేరు పెట్టినోళ్లకు రెండూ వేరు కాదు.

కీసర రిజర్వు అడవిని 2019లో అప్పటి ఎంపీ జోగినపల్లి సంతోష్ కుమార్ దత్తత తీసుకున్నారు, మొక్కలు పెట్టారు. మంచి పనే. కానీ అడవికి కంచె వేసి కాపాడుకుంటూ, ఆ అడవి నీళ్లు చేరాల్సిన పొలాలను మాత్రం వెంచర్లకు వదిలేస్తే సగం పనే చేసినట్టు.

వెంచర్లకు ముందు ఇక్కడ ఏముండేదో కొత్త తరానికి చెప్పాలి. మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ వైపంతా ద్రాక్ష తోటలు. అనాబ్-ఎ-షాహీ అంటే హైదరాబాద్ ద్రాక్షే. రాతి కడీలు పాతి, వాటి మీద తీగెల పందిరి వేసేవాళ్లు. ఇప్పుడు కడీలు ప్లాట్ల హద్దులకు పాతుతున్నారు. ఆ ద్రాక్ష కాలాన్ని నేను మరీ బంగారంలా చెప్పను. ఆ పంటకు మందులు కొట్టీ కొట్టీ రైతు అలిసిపోయాడు, బోర్లు లోతుకు పోయాయి. తోటలు పోవడానికి రియల్ ఎస్టేట్ ఒక్కటే కారణం అంటే అది పూర్తి నిజం కాదు. నేల, నీళ్లు ముందే చిక్కిపోయి ఉన్నాయి, ధర వచ్చేసరికి రైతు అమ్మేశాడు. అమ్మినవాళ్లను తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆడపిల్ల పెండ్లి, కొడుకు చదువు, ఆస్పత్రి ఖర్చు... ఎవరి అవసరం వారిది.

ఆ తర్వాత అన్నీ వేగంగా జరిగాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కీసర పక్కనుంచే పోయింది. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా విడిపోయింది. మొదట్లో కలెక్టరేట్ కీసరలోనే నడిచింది, తర్వాత శామీర్‌పేట వైపు అంతాయిపల్లిలో కొత్త భవనం కట్టారు. నాగారం, దమ్మాయిగూడ మున్సిపాలిటీలయ్యాయి. ఎకరం మాట పోయి గజం మాట వచ్చింది. మన దగ్గర గజాల్లో మాట్లాడటం మొదలైందంటే ఆ నేల మీద పంట లెక్క అయిపోయినట్టే.

ఇంకో సంగతి. గుడినీ పొలాన్నీ వేరుగా చూడకూడదనడానికి ఇదే జిల్లాలో ఒక ఉదాహరణ ఉంది. శామీర్‌పేట దగ్గర దేవరయాంజాల్ సీతారామచంద్రస్వామి ఆలయ భూములని చెప్పే 1,500 ఎకరాలకు పైగా భూమి మీద వివాదం నడుస్తోంది. 2021లో విచారణకు ఐఏఎస్ అధికారుల కమిటీ కూడా వేశారు. ఎవరిది న్యాయమో తేల్చేది కోర్టులు, నేను కాదు. నేను చూసేది ఒక్కటే. పాతకాలంలో గుడికి భూమి ఎందుకిచ్చారు? ఆ భూమిలో పంట పండితే గుడిలో దీపం వెలగాలని, నైవేద్యం నడవాలని. గోదాములు కట్టడానికి ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. వీడియోలో కనిపించిన పచ్చని పొలాల్లో చాలావాటికి యజమానులు ఊళ్లో లేరు. నగరంలోనో, విదేశంలోనో ఉంటారు. కొని పెట్టుకున్నారు, ధర పెరిగాక అమ్ముతారు లేదా వెంచర్‌కు ఇస్తారు. అప్పటిదాకా ఎవరో ఒక కౌలు రైతు వరి, ఆకుకూరలు, టమాట వేసుకుంటాడు. కాగితం ఉండదు, నోటి మాటే, అదీ ఒక్క ఏడాదికే. అలాంటి రైతు ఒకాయనకు నేను జీవామృతం గురించి చెబుతున్నా. పదికిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి, రెండువందల లీటర్ల నీళ్లు... అంతా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు: “అన్నా, మూడేండ్లకు మట్టి మంచిగయితదంటున్నవు. మూడేండ్లు ఈ భూమి నా దగ్గర ఉంటదా?”

ప్రకృతి వ్యవసాయం గురించి ఇన్ని వీడియోలు చేశాం మనం. మన వీడియోల్లో ఎక్కడా ఈ ప్రశ్న లేదు. మట్టిలో జీవం పెరగడానికి, వానపాములు తిరిగి రావడానికి, ఆచ్ఛాదన కుళ్లి నేల మెత్తబడటానికి కాలం కావాలి. ఏడాదికోసారి మారే కౌలుదారుకు యూరియా బస్తా తప్ప వేరే దారి ఎందుకుంటుంది? ఈసారి పెట్టింది ఈసారే తీసుకోవాలి కదా. మట్టిని బాగుచేసి వదిలిపోతే లాభం వెంచర్ జేసీబీకి. అతను బద్ధకంతో రసాయనాలు వాడటం లేదు, అతని లెక్క అతనికి సరిగ్గానే ఉంది.

పట్టాదారు కాగితం ఎందుకు రాసివ్వడు? భయం. 1950 నాటి కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారు అనే హక్కు వచ్చింది, చాలామంది దున్నేవాళ్లకు దానివల్ల మేలు జరిగింది. కానీ ఆ భయం పట్టాదారుల్లో ఇప్పటికీ పోలేదు. రాసిస్తే భూమి పోతుందని అనుకుంటారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సాగుదారుల చట్టం పట్టాదారు హక్కు ముట్టకుండా, కౌలు రైతుకు పంట రుణం అందేలా ఏడాది కార్డు ఇమ్మంది. తెలంగాణలో అది దాదాపు మూలన పడింది. 2018లో వచ్చిన రైతుబంధు డబ్బులు పాసుపుస్తకం ఉన్నవాళ్ల ఖాతాలోనే పడ్డాయి. అంటే పొలంలో కాలు పెట్టనోళ్లకు పెట్టుబడి సాయం, పెట్టుబడి పెట్టేటోళ్లకు సున్నా.

కాబట్టి నా మొదటి కోరిక ఈ బ్లాగు చదివే భూ యజమానులకే. మీలో చాలామంది ఉద్యోగాల్లో ఉండి, నగరం చుట్టూ ఎకరమో రెండెకరాలో కొని పెట్టుకున్నవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. మీరు ఆ భూమి ఎలాగూ ఐదేండ్ల దాకా అమ్మరు. ఆ ఐదేండ్లకూ ఒక కౌలు రైతుకు రాసివ్వండి. అమ్మాల్సి వస్తే చేతిలో ఉన్న పంట కోసుకున్నాక ఖాళీ చేయాలని అందులోనే రాసుకోండి. వకీలుకు చూపించి రాయించుకుంటే మీ భయమూ పోతుంది. కౌలు తగ్గించమని కూడా అడగటం లేదు. కాలం ఇవ్వమంటున్నా, అంతే.

ఇక్కడి నేలలో ఏం పండుతుందని కొందరు నిరాశగా మాట్లాడతారు. చింతల వెంకట్ రెడ్డి గారి పేరు విననివాళ్లు మనలో ఉండరు. అల్వాల్ రైతు, కీసర మండలంలోనూ ఆయన సాగు ఉంది. ద్రాక్ష, వరి, గోధుమ పండించారు. లోపలి మట్టిని తీసి పైన వాడటం, మట్టిని నీళ్లలో కలిపి పైరు మీద పిచికారీ చేయడం ఆయన పద్ధతి. 2020లో పద్మశ్రీ వచ్చింది, 2021 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో ప్రధాని ఆయన గురించి చెప్పారు. ఆయన పద్ధతికీ పాలేకర్ గారి పద్ధతికీ తేడాలున్నాయి, దాని మీద వాదించుకునేవాళ్లు వాదించుకోండి. నాకు ముఖ్యమైంది ఇదే చల్క నేల, ఇదే మట్టి. అయితే ఆయన చేసింది సొంత భూమిలో, ఏండ్ల తరబడి. మళ్లీ కాలం దగ్గరికే వచ్చాం చూడండి.

రెండో కోరిక గుడికి సంబంధించింది. తిరుమలలో 2021 మే నుంచి శ్రీవారి నైవేద్యానికి గో ఆధారిత వ్యవసాయంలో పండిన బియ్యం వాడటం మొదలుపెట్టారు. కీసరగుట్టలో టీటీడీ వేద పాఠశాల ఉంది. తిరుమలలో కుదిరింది కీసరలో ఎందుకు కుదరదు? అన్నదానానికి బియ్యం, పప్పు, కూరగాయలు కావాలి. అభిషేకానికి పాలు, పెరుగు కావాలి. పూలు, మారేడు పత్రి కావాలి. ఇవన్నీ గుట్ట చుట్టూ పది కిలోమీటర్లలో పండేవే. ఆలయం వాళ్లు ముందుగానే ఇంత ధరకు ఇంత కొంటామని పది మంది రైతులకు మాట ఇస్తే చాలు. సర్టిఫికెట్ల గొడవ కూడా తక్కువ, పొలం కళ్లెదురుగానే ఉంటుంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

ఆలయం ముందుకొచ్చేదాకా మనం ఆగక్కర్లేదు. శివరాత్రి ఉపవాసానికి జనం ఏం కొంటారు? కందగడ్డ. ఆంధ్రలో చిలగడదుంప అంటారు. జాతర రోజుల్లో దానికి ఉండే గిరాకీ మీకు తెలుసు. అది మూడున్నర, నాలుగు నెలల పంట. దసరా, దీపావళి మధ్య తీగ నాటితే సరిగ్గా శివరాత్రికి తవ్వుకోవచ్చు. తేలిక చల్క నేలలు దీనికి బాగుంటాయి. తీగ పారి నేలంతా కప్పేస్తుంది కాబట్టి సజీవ ఆచ్ఛాదన దానంతట అదే అవుతుంది, కలుపు తగ్గుతుంది. ఒక్క సీజన్ కౌలు ఉన్న రైతు కూడా వేసుకోదగ్గ పంట. రెండడుగుల ఎడంతో బోదెలు చేసి, బోదె మీద జానెడు దూరానికో ముక్క నాటితే ఎకరానికి సుమారు 30 వేల ముక్కలు పడతాయి. తీగ కొన భాగం నుంచే ముక్కలు తీయండి, ఒక్కోదానికి మూడు నాలుగు కణుపులుండాలి. ముక్కుపురుగు ఒక్కటే భయం. అది నేల పగుళ్ల నుంచి గడ్డలోకి పోతుంది కాబట్టి గడ్డ ఊరేటప్పుడు బోదెలకు మట్టి ఎగదోయాలి, తడి ఆరనివ్వొద్దు, పోయినసారి కందగడ్డ వేసిన చోటే మళ్లీ వేయొద్దు.

వచ్చే సీజన్‌కు గుట్ట చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు కౌలు రైతులతో అర ఎకరం చొప్పున ఇది వేయించాలని మాట్లాడుతున్నా. శివరాత్రికి మెట్ల దారి కింద ఒక బల్ల వేసి, పండించిన రైతే కూర్చుని అమ్మాలి. తీగ ముక్కలు ఇవ్వగలిగినవాళ్లు, కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట మండలాల్లో భూమి ఉండి ఐదేండ్ల కాగితానికి సరేననేవాళ్లు వీడియో కింద ఊరి పేరు, ఎన్ని గుంటలో రాయండి చాలు. ఫోన్ నంబర్లు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టకండి.